ఫౌండ్రీ వీధి మంచుదొంగ

“అన్నా, రాసిపెట్టుకో. ఈ దేశంలో నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్ళు, నాకు ఇంకా దొరకనివాళ్ళు!”

ఈ మహావాక్యం పలికే వేళకి మా తోడల్లుడు గ్రాంట్ పెల్హామ్ సాన్ డియాగోలో ఈతకొలను పక్కన పడక్కుర్చీలో ఉన్నాడు. నేను ఒహాయోలో, మా కొట్టంలో, దూడకి పాలసీసా పడుతున్నాను. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను. ఏరీ సరస్సు మీంచి వచ్చిన మంచు కొట్టం కిటికీకి సగందాకా పేరుకుని ఉంది.

అప్పటికి గ్రాంట్‌కి దొరికినవాళ్ళు ఎవరూ లేరు. అందరూ రెండో రకమే. నిరుడు ఓ పెద్ద బజారులో తన కారు పోయిందని పోలీసుల్ని పిలిపించాడు. కారు రెండంతస్తుల కింద, వాడు పెట్టినచోటే ఉంది. “నా పేరు వినగానే ముఠా భయపడి తెచ్చి పెట్టేసింది” అని తేల్చి ఆ కేసు మూసేశాడు.

“ఊఁ” అన్నాను. నేను ఎక్కువ మాట్లాడను.

“నా ఇంట్లో ఘోరం జరుగుతోందన్నా. ఒళ్ళు గగుర్పొడిచే ఘోరం!”

“ఏ ఇంట్లో?”

“నా ఇంట్లో! మీ వెబర్టన్‌లో! ఫౌండ్రీ వీధిలో!”

అది వాడి ఇల్లని నాకు గుర్తుండదు. ఆ వీధిలో ఎవరికీ గుర్తుండదు. మాకది వర్నక్క ఇల్లు.

సంగతి ఏమిటంటే, సాన్ డియాగోలో గ్రాంట్ సంపాదనకి కుక్కల గూడు కూడా రాదు. అందుకని కిందటేడు ఒక హోటల్లో, దూరం నుంచి అద్దెలు తినే విద్య నేర్పే గురువు దగ్గర రెండ్రోజులు కూర్చుని వచ్చాడు. ఆ గురువు బోధ ఇది: ఇంటిని చూడొద్దు, అంకెలు చూడు. ఇంటిని చూస్తే దానిమీద ఇష్టం పుడుతుంది. ఇష్టం పుడితే లాభం పోతుంది. గ్రాంట్ ఆ బోధని ఎంత భక్తిగా పాటించాడంటే, అమ్మేవాడు పంపిన ఒకే ఒక్క ఫొటో చూసి మా ఊళ్ళో ఇల్లు కొనేశాడు. కొన్నాక మాకు చెప్పాడు. “నువ్వక్కడే ఉన్నావుగా అన్నా, ఓ కన్నేసి ఉంచు” అన్నాడు. వాడు అడిగింది నా కళ్ళే గానీ, నా నోరు ఏం చెప్తుందో ఎప్పుడూ అడగలేదు.

వర్నా కోప్ ఆ ఇంటితోపాటు వచ్చింది, వంటగదిలో పొయ్యి వచ్చినట్టు. స్కూలు భోజనశాలలో వంటమనిషి. ఊళ్ళో సగంమంది ఆవిడ వడ్డించిన మొక్కజొన్న తిని పెరిగినవాళ్ళే. భర్త మైలో ఇనప కర్మాగారంలో పనిచేసినప్పట్నించీ ఆవిడ ఆ ఇంట్లోనే అద్దెకుంటోంది. మైలో పోయాడు. కర్మాగారం మూసేశారు. ఇంటి యజమానులు మారుతూ వచ్చారు. ఆవిడ మారలేదు.

గ్రాంట్ యజమాని కాగానే చేసిన మొదటి పని నాకో కెమెరా పంపడం. గుమ్మం పక్కన, వీధివైపు చూసేలా బిగించమన్నాడు. బిగించాను. అందులోంచి వీధంతా కనబడుతుంది, ఇల్లొక్కటే కనబడదు. రెండువేల మైళ్ళ అవతల కూర్చుని వాడు ఎదురింటి చెత్తడబ్బా రంగు చెప్పగలడు. తన ఇంటి గోడ రంగు చెప్పలేడు.

ఆ కెమెరాలోనే ఘోరం కనబడిందట.

“తెల్లారీ తెల్లారకముందే ఒక మనిషి వస్తున్నాడన్నా. నల్ల ముసుగు! కళ్ళు మాత్రమే కనబడతాయి. ముందు ఒక రాక్షస యంత్రాన్ని తోసుకుంటూ వస్తాడు. వాడు వెళ్ళిపోయేసరికి కాలిబాట మీద మంచు మాయం! ఎందుకంటావ్?”

“నడవడానికి.”

“కాదు! అడుగుజాడలు! అడుగుజాడలు చెరిపేస్తున్నాడు!”

“గ్రాంటూ, అది ఎల్డన్ మామ. పక్కింటాయన. ముసుగు చలికి. మంచు పడితే ఈ చివర్నించి ఆ చివరిదాకా కాలిబాట మీది మంచుని ఆయనే ఆ మిషనుతో పక్కకి చిమ్మేస్తాడు.”

“ఎంత పుచ్చుకుంటాడు?”

“ఏమీ పుచ్చుకోడు.”



“అన్నా” అన్నాడు, ఎంతో జాలిగా. “నువ్వు మంచివాడివి. పల్లెలో పెరిగావు. లోకం తెలీదు. జీతం లేకుండా చీకట్లో పనిచేసేవాడు ఈ భూమ్మీద దొంగ ఒక్కడే!”

దూడ సీసా వదిలేసింది. దానికి కూడా కడుపు నిండినట్టుంది.

“ఇంకా విను. వెళ్తూ వెళ్తూ వాడు మెట్ల గోడ మీంచి ఒక పొట్లం తీసుకుంటున్నాడు. వెండి రేకు చుట్టిన పొట్లం! అది అక్కడ పెట్టేది ఎవరనుకున్నావు? కెమెరాలో చెయ్యొక్కటే కనబడుతుంది గానీ, నా ఇంట్లో ఉన్న ఆవిడే! అందులో ఏముంటుందో నీకు తెలుసా?”

“తెలుసు. అరటిపండు రొట్టె.”

“నీకెలా తెలుసు?”

“తిన్నాను.”

“తిన్నావా!” గ్రాంట్ కుర్చీలోంచి లేచిన చప్పుడైంది. “ఎన్నాళ్ళనించి? నిజం చెప్పన్నా. మానగలుగుతున్నావా?”

ఆ తర్వాత తన సిద్ధాంతం వివరించాడు. మంచుదొంగ వర్నక్క ఇంటి నేలమాళిగలో రహస్యంగా కాపురం ఉంటున్నాడు. పొట్లాల వ్యాపారం చేస్తున్నాడు. వాడికి ఆ పేరు కూడా గ్రాంటే పెట్టాడు. పేరు లేకపోతే కేసుకి గౌరవం ఉండదట. అద్దె ఒప్పందం ప్రకారం చెప్పకుండా పరాయి మనిషిని ఇంట్లో పెట్టుకుంటే ఒప్పందం రద్దు. ఒక్కసారి కళ్ళతో చూస్తే చాలు, వర్నక్క బయటికి పోవాల్సిందే.

“పోతే?” అన్నాను.

“పోతే గోడలన్నిటికీ బూడిదరంగు వేయిస్తా. గురువుగారు చెప్పారు, బూడిదరంగు వేస్తే అద్దె రెట్టింపవుతుందని.”

చివరికి కేసంతా అక్కడ తేలింది. మా ఊళ్ళో అద్దె ఇళ్ళన్నీ ఒక్కొక్కటే గ్రాంట్‌లాంటివాళ్ళ చేతుల్లోకి పోయి బూడిదరంగు కొట్టించుకున్నాయి. ఇది పోతే వర్నక్కకి వెబర్టన్‌లో మరో ఇల్లు లేదు. దూరాన ఎక్కడో మేనకోడలి ఇంట్లో, బట్టలు ఉతికే మిషను పక్కన మంచం వేసుకోవాలి.

వారం తిరక్కుండా గ్రాంట్ దగ్గర్నుంచి బోర్డొకటి వచ్చింది. ఎర్రటి అక్షరాలు. “ప్రైవేటు ఆస్తి. యజమాని అనుమతి లేనిదే మంచుతో సహా ఇక్కడ దేనిమీదా చెయ్యి వేయరాదు. మీరితే పోలీసులకి అప్పగిస్తాం.” దిగ్గొట్టడం నాకిష్టం లేదు. దిగ్గొట్టకపోతే గ్రాంట్ తన భార్య జోలీన్‌కి చెప్తాడు. జోలీన్ అక్కకి చెప్తుంది. అక్క అంటే నా భార్య నోరీన్. నేను మేకులు తీసుకుని బయల్దేరాను.

కొడుతూంటే ఎల్డన్ మామ వచ్చి నిలబడ్డాడు. ఎనభై దాటిన మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మొత్తం చదివాడు.

“మంచుతో సహా?”

“అవును మామా.”

“మంచు కూడా ఆయనదేనా?”

“అలాగే అనుకుంటున్నాడు.”

“సరే మరి. రాసి ఉందిగా” అన్నాడాయన.

మర్నాడు మంచు పడింది. మామ మిషను వర్నక్క ఇంటి హద్దుదాకా కాలిబాటని అద్దంలా తీసుకుంటూ వచ్చి, అక్కడ రోడ్డుమీదికి దిగి, ఆ ఇంటిని దాటి, మళ్ళీ కాలిబాట ఎక్కింది. వర్నక్క కిటికీలోంచి చూసింది. కిందటి నెల స్కూల్లో గంజి గిన్నె ఎత్తుతూ మణికట్టు విరగ్గొట్టుకుంది. చేతికి పిండికట్టు. పార పట్టలేదు.

“ఒక్క మాట చెప్పు లైల్” అంది నాతో. “ఈయన నన్ను వెళ్ళగొడతాడా?”

“చెప్పలేనక్కా.”

ఆవిడ వెళ్ళి పొయ్యి తుడిచింది. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

మా ఇల్లు ఊరికి దూరం. వీలైన రెండుసార్లు వెళ్ళి పారతో తీశాను. మంచు మాత్రం నా వీలు చూసుకుని పడదు. కాళ్ళ కింద అణిగింది మధ్యాహ్నం కాస్త కరిగి, రాత్రికి గాజులా బిగుసుకుని, దానిమీద కొత్త మంచు దూదిలా పరుచుకునేది.

కెమెరాలో ముసుగు మనిషి కనబడకపోయేసరికి గ్రాంట్ గెంతులు వేశాడు. “చూశావా! బోర్డుకి బెదిరి లోపల నక్కాడు! ఇక నేను రంగంలోకి దిగాల్సిందే. ఇల్లు ఖాళీ చెయ్యమనే నోటీసు జేబులో సిద్ధంగా ఉంది. వస్తున్నా. ఎవరికీ చెప్పకు.”

“సరే.”

“నీ పెదవి దాటకూడదు.”

నా పెదవి దాటేవి ఏమిటో నోరీన్‌ని అడిగితే చెప్తుంది.

విమానాశ్రయంలో గ్రాంట్‌ని వెతకాల్సిన పని పడలేదు. తలనించి పాదందాకా తెల్లటి దుస్తులు, తెల్ల టోపీ, తెల్ల చేతితొడుగులు. నల్ల కోట్లు వేసుకున్న జనం మధ్య కొత్త రిఫ్రిజిరేటర్‌లా నిలబడి ఉన్నాడు.

“ఇదేమిటి?”

“మారువేషం! మంచులో కలిసిపోతాను. నేను పక్కనే ఉన్నా నీకు కనబడను.”

“ఇప్పుడు కనబడుతున్నావు.”

“ఇప్పుడు మంచు లేదుగా అన్నా” అన్నాడు చిరాగ్గా.

మర్నాడు తెల్లవారుజామున నా ట్రక్కు ఫౌండ్రీ వీధి మొదట్లో ఆపాను. రాత్రంతా మంచు పడింది. వీధంతా ఒక్కటే తెలుపు. నేను కొట్టిన బోర్డు కూడా మంచు కింద కనబడటం లేదు. ఆ ఇళ్ళు కర్మాగారంవాళ్ళు ఒకే మూసలో కట్టించినవి. మంచు పడ్డాక అందులోవాళ్ళు తప్ప ఇంకొకరు ఏది ఎవరిదో చెప్పలేరు.

గ్రాంట్ ఫోను తీసి అమ్మకందారు పంపిన ఫొటో చూపించాడు. “అదిగో, నా ఇల్లు. నీలం తలుపు, ముందు మేపుల్ చెట్టు.”

ఆ ఫొటో నేను చూడటం అదే మొదలు. నీలం తలుపు ఎల్డన్ మామది. ప్రతి వేసవిలోనూ ఆయన దానికి రంగు వేస్తాడు. వర్నక్క తలుపుకి ఏ రంగూ లేదు. రంగు వేయించాల్సినవాళ్ళు ఎప్పుడూ ఎక్కడో ఎండలో ఉంటారు. అమ్మినవాడు ఏ ఇంటి ముందు నిలబడి ఫొటో తీశాడో నాకప్పుడు అర్థమైంది.

“గ్రాంటూ, అది నీ...”

“ష్! ఇక మాటల్లేవు. సైగలే. నేను ఎడంచెయ్యి ఎత్తితే నువ్వు వెనకనించి ముట్టడించాలి. కుడిచెయ్యి ఎత్తితే పోలీసులకి ఫోను చెయ్యాలి.”

“రెండూ ఎత్తితే?”

“నేను ఎప్పుడూ రెండు చేతులూ ఎత్తనన్నా. అవతలివాళ్ళే ఎత్తుతారు.”

వంగి వంగి వెళ్ళి, మేపుల్ చెట్టు కింద బోర్లా పడుకున్నాడు. అది మాత్రం ఒప్పుకోవాలి, నిజంగానే కనబడలేదు. ఆ చెట్టు కిందికే ఎల్డన్ మామ ప్రతి ఉదయం మంచు చిమ్ముతాడన్న సంగతి వాడికి తెలీదు. చెప్పడానికి నాకు సైగ ఏదీ లేదు.

నీలం తలుపు తెరుచుకుంది. నల్ల ముసుగుతో మామ మిషను తోసుకుంటూ బయటికొచ్చాడు. నా ఫోను మోగింది.

“అన్నా!” అన్నాడు గుసగుసగా. “నా ఇంట్లోంచే వచ్చాడు! ముందు గుమ్మంలోంచి! తాళంచెవి కూడా వాడి దగ్గరే ఉంది!”

“అది ఆయన ఇల్లే గ్రాంటూ.”

“తనదేనని నమ్మించేదాకా వచ్చాడంటే ఎంత ముదురో చూడు! చివరికి నిన్ను కూడా...”

మిషను స్టార్టయింది. చిమ్మే గొట్టం చెట్టువైపు తిరిగింది. తర్వాత ఫోనులో ఒక విచిత్రమైన శబ్దం వచ్చింది, పెరుగులో పిల్లిపిల్ల పడినట్టు. మామకి చెవులు అంతంతమాత్రం. పైగా చెవులకి తొడుగులు. ఆయన తాపీగా తన ఇంటి ముందరి మంచంతా నా తోడల్లుడిమీద పోసి, వర్నక్క ఇంటివైపు సాగిపోయాడు.

కాసేపటికి చెట్టు కింద మంచుగుట్ట కదిలింది. పగిలింది. అందులోంచి గ్రాంట్ లేచాడు. ముక్కులోంచీ చెవుల్లోంచీ మంచు రాలుతోంది.

“ఆగు! మంచుదొంగా! నీ ఆట కట్టు!”

మామ హద్దుదాకా వచ్చి, అలవాటుగా రోడ్డుమీదికి దిగాడు. గ్రాంట్ దిగలేదు. ఆ గాజుమంచు మీద మా ఊళ్ళో నడక నేర్చే పిల్లలు కూడా బాతుల్లా అడుగులు వేస్తారు. వీడు తెల్లబట్టల్లో ఉరికాడు. కాళ్ళు రెండూ వాడికంటే ముందు వెళ్ళిపోయాయి. ఒక్క క్షణం గాల్లో పడుకున్నట్టున్నాడు. చేతులు రెండూ పైకెత్తే ఉన్నాయి. దబ్బున కూర్చున్నాడు. ఆ చప్పుడు మామకి కూడా వినబడింది.

నేను వెళ్ళేసరికి మామ ముసుగు తీసేసి వాడి పక్కన మోకాళ్ళమీద ఉన్నాడు. వర్నక్క మైలో పాత కోటు తగిలించుకుని పిండికట్టు చేత్తోనే మెట్లు దిగొచ్చింది.

“అయ్యో బాబూ! ఎక్కడ తగిలింది?”

“తోక ఎముక!” అని అరిచాడు గ్రాంట్. “విరిగింది! తుక్కయింది!”

ముగ్గురం కలిసి మోసుకెళ్ళి వర్నక్క సోఫాలో బోర్లా పడుకోబెట్టాం. మామ వంటగదిలోంచి పోలీసులకి ఫోను చేసి, మనిషి దెబ్బతిన్నాడని చెప్పాడు. అంబులెన్సు పంపమనబోతే “అంబులెన్సు వద్దు! ఖర్చు!” అని గ్రాంట్ సోఫాలోంచి కేకేశాడు. వర్నక్క దుప్పటి కప్పింది. ఆ తర్వాత దిండులోంచి తల ఎత్తి, వాడు లోకాన్ని విచారించడం మొదలుపెట్టాడు.

“అమ్మా, వీధంతా కాలిబాట శుభ్రంగా ఉంది. మీ ఇంటి ముందొక్కటే ఈ మృత్యుగుండం ఏమిటి?”

“ఎవరు తీసినా యజమాని ఒప్పుకోడు బాబూ” అంది వర్నక్క.

“ఒప్పుకోడా! ఎక్కడుంటాడు వాడు?”

“ఎక్కడో ఎండ కాసేచోట.”

“ఎప్పుడైనా వచ్చి చూశాడా?”

“కొనేముందు చూళ్ళేదు. కొన్నాకా చూళ్ళేదు.”

“చూడకుండా ఇల్లు కొన్నాడా! బుద్ధున్నవాడెవడైనా కొంటాడా?”

“తమ్ముడూ...” అన్నాను.

“నువ్వుండన్నా! నాలో పరిశోధకుడు మేలుకున్నాడు. ముసుగువాడి సంగతి తర్వాత చూద్దాం. ఇది అంతకంటే పెద్ద కేసు. ఇక్కడో అజ్ఞాత నేరస్థుడున్నాడు!”

వర్నక్క నా వైపు చూసింది. నేను నా బూట్ల వైపు చూశాను. స్కూల్లో పిల్లల మొహం చూసి ఎవడు రెండోసారి వరసలో నిలబడ్డాడో చెప్పగల మనిషి. వీడెవరో ఆవిడకి తెలిసిపోయింది. కుర్చీ దగ్గరగా లాక్కుని, ఎంతో నెమ్మదిగా అడిగింది.

“అయితే బాబూ, అలాంటివాణ్ణి ఏం చెయ్యాలంటారు?”

“కోర్టుకి ఈడ్వాలమ్మా! మీరు భయపడకండి. మీలాంటి అమాయకులు నోరెత్తరు కాబట్టే ఇలాంటి జలగలు రెండువేల మైళ్ళ అవతల కూర్చుని రక్తం తాగుతున్నాయి!”

“పైకప్పు కూడా కారుతోంది బాబూ. చెప్తే బకెట్టు పెట్టుకోమన్నాడు.”

“బకెట్టా! ఛీ! మనిషేనా వాడు?”

ఎల్డన్ మామ గోడవైపు తిరిగి గట్టిగా దగ్గాడు. ఇంతలో మా ఊరి పోలీసు డ్వేన్ వచ్చాడు. గుమ్మంలో బూట్లు దులిపి, “అత్తా, కాఫీ ఉందా?” అని, సోఫాలో తెల్లటి ఆకారాన్ని చూసి ఆగిపోయాడు.

“ఆఫీసర్! రాసుకో!” అన్నాడు గ్రాంట్. “నేను చెప్పింది చెప్పినట్టు రాసుకో. ఈ ఇంటి యజమాని కావాలని, తెలిసి, డబ్బుకి కక్కుర్తిపడి, కాలిబాటని శుభ్రం చేయనివ్వక, అమాయకుడైన ఒక బాటసారి వెన్ను విరగ్గొట్టాడు. వాడు దుర్మార్గుడు. పిరికివాడు. రాశావా? పిరికివాడు కింద గీత గియ్యి.”

డ్వేన్ గీత గీశాడు. “యజమాని పేరు?”

వర్నక్క నింపాదిగా చెప్పింది. “గ్రాంట్ పెల్హామ్. సాన్ డియాగో.”

“చెప్పండి, నేనే” అన్నాడు గ్రాంట్. మరుక్షణం మొహం వెలిగిపోయింది. “నా పేరు మీకెలా తెలుసమ్మా? నా కీర్తి ఈ ఊరిదాకా పాకిందా?”

పైకప్పునించి ఒక చుక్క బకెట్లో పడింది.

డ్వేన్ పెన్ను ఆపాడు. “ఫిర్యాదు ఇస్తున్నవారి పేరు?”

“గ్రాంట్ పెల్హామ్.”

“ఎవరిమీద?”

“ఇప్పుడే చెప్పిందిగా ఆవిడ! గ్రాంట్...” అని ఆగాడు. దిండుని చూశాడు. వర్నక్కని చూశాడు. నన్ను చూశాడు. “మరి నీలం తలుపు?”

“అది నాది” అన్నాడు ఎల్డన్ మామ.

గ్రాంట్ ఫోను అందించాడు. మామ కళ్ళజోడు సర్దుకుని ఫొటో చూశాడు. “మా ఇల్లే. వెనక నా నిచ్చెన కూడా పడింది. బాగా వచ్చింది. నాకోటి ఇప్పిస్తారా?”

“మరి... నేను కొన్నది?”

“నువ్వు పడుకున్నది” అన్నాను.

అప్పుడు చూశాడు వాడు తన ఇంటిని, మొట్టమొదటిసారి. బోర్లా ఉన్నాడు కాబట్టి ఎక్కువగా నేలే కనబడి ఉంటుంది. మైలో కుర్చీ అరగదీసిన చెక్కలు, పొయ్యికీ బల్లకీ మధ్య వర్నక్క నడిచి నడిచి రంగు పోయిన దారి.

డ్వేన్ వైపు తల తిప్పాడు. “అంటే... కేసు ఛేదించినట్టేగా?”

“ఛేదించినట్టే” అన్నాడు డ్వేన్.

“ఛేదించింది నేనేగా?”

“మీరే.”

“అది గట్టిగా రాయి” అన్నాడు. ఆ బాధలోనూ కాస్త ఛాతీ ఉబ్బించబోయాడు గానీ, కింద సోఫా అడ్డొచ్చింది.

“ఇలాంటి కేసు మా స్టేషన్‌లో ఎప్పుడూ రాలేదండీ” అన్నాడు డ్వేన్ తల గోక్కుంటూ. “ఫిర్యాదు వెనక్కి తీసుకోవచ్చు. కానీ బాధితుడు రాజీకి ఒప్పుకోవాలి.”

“ఒప్పుకుంటాడు!”

“నిందితుడు క్షమాపణ చెప్పుకోవాలి.”

“ఎవరికి?”

“బాధితుడికి.”

గ్రాంట్ ఆలోచనలో పడ్డాడు. నిజంగానే ఎవరు ముందు తగ్గాలా అని చూస్తున్నట్టుంది.

తడిసిన ఆ తెల్లకోటు విప్పి పొయ్యి దగ్గర ఆరేస్తూండగా జేబులోంచి మడత కాయితం జారిపడింది. వర్నక్క తీసి విప్పింది. అదేమిటో గ్రాంట్‌కి గుర్తొచ్చి “వద్దమ్మా!” అన్నాడు. ఆవిడ చదివింది. మొహంలో ఏమీ కదల్లేదు. పిండికట్టు లేని చేత్తో కాయితం మడతలు సాపు చేసింది.

“ఇంట్లో పరాయి మనిషి ఉంటున్నాడు కాబట్టి ఖాళీ చెయ్యాలట” అంది. “ఎవరు బాబూ ఆ పరాయి మనిషి?”

డ్వేన్ గదంతా కలయజూశాడు. మామా చూశాడు. నేనూ చూశాను. ఆ ఇంటికి పరాయి మనిషి ఒక్కడే ఉన్నాడు, సోఫాలో.

“ఈ ఇంట్లోనే మైలో పోయాడు” అంది వర్నక్క. గొంతు పెంచలేదు. “నేనెక్కడికీ వెళ్ళను. డ్వేన్, ఈయన చెప్పిందంతా రాశావు కదా. జడ్జిగారు పిలిస్తే నేనూ ఎల్డనూ వచ్చి, విన్నది విన్నట్టు చెప్తాం. జలగ అన్నదీ, పిరికివాడన్నదీ. పిలవకపోతే చెప్పం.”

గ్రాంట్ నా వైపు చూశాడు, కాపాడమన్నట్టు. ఆ ఉదయమంతా వాడు నన్ను ఒక్క మాట పూర్తి చేయనివ్వలేదు. ఇప్పుడు పూర్తి చేశాను.

“నేను నోరీన్‌కేమీ చెప్పను తమ్ముడూ. నోరీన్‌కి తెలీకపోతే జోలీన్‌కి తెలీదు. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు. వర్నక్క ఇక్కడున్నన్నాళ్ళూ అలాగే ఉంటాను.”

వాడి మొహం వాడి కోటు రంగుకి వచ్చింది.

వర్నక్క నోటీసుని తిప్పింది. వెనక వైపు ఖాళీగా ఉంది. డ్వేన్ పెన్ను తీసుకుని, స్కూలు వంటగది తలుపుకి అంటించే చీటీల్లాంటి గుండ్రటి అక్షరాలతో రాసింది. వర్నా కోప్ ఉండాలనుకున్నన్నాళ్ళూ ఈ ఇంట్లో ఉంటుంది, ఇప్పుడిస్తున్న అద్దెకే. పైకప్పు ఈ నెలలో బాగుచేయించాలి. గ్రాంట్ ముందు పెట్టింది.

“ఇప్పుడిస్తున్న అద్దెకా!” అని మూలిగాడు. “అమ్మా, నా అంకెలు! గురువుగారి లెక్క ప్రకారం...”

“మీ గురువుగారు ఈ సోఫాలో పడుకున్నారా బాబూ?”

సంతకం పెట్టాడు. సాక్షిగా డ్వేన్ పెట్టాడు. మామ కూడా పెడతానన్నాడు, అవసరం లేకపోయినా. వర్నక్క కాయితాన్ని మడిచి మైలో కోటు లోపలి జేబులో పెట్టుకుంది. అందరికీ కాఫీ పోసింది. గ్రాంట్‌కి కూడా పోసి, బోర్లా ఉన్నవాడు తాగడానికి వీలుగా స్ట్రా పెట్టి ఇచ్చింది.

ఆ తర్వాత కప్పు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి సోఫా ముందు నిలబడింది.

“ఇక ఖాళీ చెయ్యండి బాబూ. సాయంత్రం పేకాటకి మావాళ్ళు వస్తారు. కూర్చోడానికి చోటు చాలదు.”

నేను ట్రక్కులో దూడకి వేసే గడ్డి పరిచాను. గ్రాంట్‌ని పలకలా బోర్లా ఎత్తి, భుజాల దగ్గర మామ, కాళ్ళ దగ్గర నేను, నడుం దగ్గర డ్వేన్ పట్టుకుని, వాడి సొంత ఇంట్లోంచి వాణ్ణి ఖాళీ చేయించాం.